గ్రాఫు ఖాళీగా కనిపించినప్పుడు: డేటాబేస్ సర్వర్ గణాంకాలు ఎక్కడ తప్పిపోతాయి

రాయగడలో, సర్వర్ల నిర్వహణ చూసే తెలుగువారి సమావేశంలో చేసిన ప్రసంగానికి పాఠం.

సభలోని పెద్దలకు, మిత్రులకు నమస్కారం. గుణుపురం నుంచి, పర్లాకిమిడి నుంచి, జయపురం నుంచి, అంత దూరాన ఉన్న బరంపురం నుంచి కూడా వచ్చినవారు ఇక్కడ ఉన్నారు. మీలో చాలామంది ఆసుపత్రిలోనో, మిల్లులోనో, సహకార సంఘంలోనో, కళాశాలలోనో ఒక్కరే ఉండి నెట్‌వర్కు, ప్రింటర్లు, బిల్లింగు సాఫ్ట్‌వేరు, దాని వెనుకనున్న డేటాబేస్ సర్వరు అన్నింటినీ చూసుకుంటున్నవారు. విశాఖపట్నంలోనో భువనేశ్వర్‌లోనో పెద్ద కార్యాలయమైతే డేటాబేస్‌కు ఒకరు, నెట్‌వర్కుకు ఒకరు, పర్యవేక్షణకు ఇంకొకరు ఉంటారు. ఇక్కడ ఆ ముగ్గురి పనీ మీదే. అందువల్ల ఈ రోజు నేను ఎంచుకున్న విషయం ఆ మూడు పనుల మధ్య సందులో పడిపోయేది: డేటాబేస్ పనితీరు గణాంకాలు పర్యవేక్షణ తెర మీద కనిపించకుండా పోయినప్పుడు ఎక్కడ వెతకాలి, ఏ వరుసలో వెతకాలి అన్నది.

సర్వరు నెమ్మదించిందని ఫోను వస్తుంది. మీరు డ్యాష్‌బోర్డు తెరుస్తారు. సీపీయూ గీత ఉంది, మెమరీ గీత ఉంది, కానీ డేటాబేస్‌కు చెందిన గడులు ఖాళీగా ఉన్నాయి. అప్పుడు చాలామంది చేసే మొదటి పని ఆ గడిని తీసేసి మళ్ళీ పెట్టడం, లేదా పర్యవేక్షణ సాఫ్ట్‌వేర్‌ను రీస్టార్ట్ చేయడం. దానివల్ల ఒక్కొక్కప్పుడు అంకెలు తిరిగి వచ్చినా ఎందుకు పోయాయో తెలియదు, కాబట్టి మళ్ళీ పోతాయి. అంతకంటే ప్రమాదకరమైనది ఇంకొకటి ఉంది. ఖాళీని కొన్ని పరికరాలు సున్నగా గీస్తాయి. ఆ సున్నను చూసి సర్వర్ మీద భారమే లేదని నమ్మేవారున్నారు. వంశధారకు వరద వచ్చే రోజుల్లో దిగువన గొట్టా బ్యారేజీ దగ్గరివారు ఎగువన గుణుపురం, కాశీనగర్ వద్ద నీటిమట్టం ఎంతుందో తెలుసుకుంటూ ఉంటారు. అక్కడి నుంచి కబురు రాకపోతే నది ఎండిపోయిందని ఎవరూ అనుకోరు; కబురు వచ్చే దారి ఎక్కడ తెగిందో చూస్తారు. మనం కూడా ఖాళీని ఖాళీగానే చూడడం అలవాటు చేసుకోవాలి.

ఒక అంకె మన కంటికి చేరే దారిని ఒకసారి మనసులో గీసుకోండి. అది డేటాబేస్ ఇంజిన్ లోపల, దాని మెమరీలో పుడుతుంది. ఇంజిన్ దాన్ని ఒక వ్యూ (టేబుల్‌లా ప్రశ్న అడిగి చదవగలిగేది) ద్వారా గాని, ఆపరేటింగ్ సిస్టమ్ కౌంటర్ (ఒక్కొక్క కొలతను చూపే అంకె) ద్వారా గాని బయటపెడుతుంది. ఏజెంటు, అంటే పర్యవేక్షణ కోసం అంకెలు సేకరించే ప్రోగ్రాము, ఒక ఖాతాతో లాగిన్ అయి దాన్ని అడిగి తీసుకుంటుంది. నెట్‌వర్కు మీదుగా అది పర్యవేక్షణ సర్వర్‌కు చేరి, అక్కడ సమయంతో పాటు నమోదై, చివరికి గ్రాఫు అవుతుంది. వెతకడం ఎప్పుడూ పుట్టినచోటు నుంచి మొదలుపెట్టాలి. సర్వర్‌లోకి నేరుగా వెళ్ళి, ఏజెంటు వాడే అదే ఖాతాతో, ఏజెంటు అడిగే అదే ప్రశ్నను మీ చేత్తో అడగండి. అంకె వస్తే తప్పు దిగువన ఉంది. రాకపోతే గ్రాఫును ముట్టుకోవలసిన పనే లేదు. అడ్మినిస్ట్రేటర్ ఖాతాతో అడిగి, నాకు వస్తోందే అనుకోవడం వల్ల ప్రయోజనం లేదు. ఏజెంటుకు వస్తోందా అన్నదే తేలాలి.

ముందుగా మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్ సంగతి చెబుతాను. మన ప్రాంతంలో బిల్లింగు, అకౌంటు ప్యాకేజీలు ఎక్కువగా దాని మీదే నడుస్తాయి, పైగా గణాంకాలు మాయం కావడానికి అందులో దారులు కూడా ఎక్కువే. 2005 వెర్షన్ నుంచి అందులో డైనమిక్ మేనేజ్‌మెంట్ వ్యూలు ఉన్నాయి. వాటిలో 'సిస్ డాట్ డీఎం ఓఎస్ పెర్ఫార్మెన్స్ కౌంటర్స్' అనే వ్యూలో ఎన్ని వరుసలున్నాయో లెక్కించమని అడగండి. మామూలుగా వందల కొద్దీ వరుసలుంటాయి. సున్న వచ్చిందంటే ఆ ఇన్‌స్టెన్స్‌లో (ఆ యంత్రం మీద నడుస్తున్న ఎస్‌క్యూఎల్ సర్వర్ ప్రతిలో) కౌంటర్లే పని చేయడం లేదని అర్థం. అప్పుడు ఎర్రర్ లాగ్ తెరిచి, సర్వర్ లేచిన సమయం దగ్గర తప్పు సంఖ్య 8313 గాని 3409 గాని ఉందేమో చూడండి. మొదటిది కౌంటర్ల పేర్లకూ వాటి సంఖ్యలకూ పొంతన కుదరలేదని చెబుతుంది. రెండోది కౌంటర్ల కోసం షేర్డ్ మెమరీ (ప్రోగ్రాములు ఉమ్మడిగా వాడే మెమరీ) ఏర్పాటు కాలేదని చెప్పి, ఎస్‌క్యూఎల్‌సీటీఆర్ డాట్ ఐఎన్‌ఐ ఫైలును మళ్ళీ నమోదు చేయమని, సర్వీసు ఖాతాకు రిజిస్ట్రీలో (విండోస్ తన అమరికలు దాచుకునే చోట) సరైన అనుమతులున్నాయో లేదో చూడమని తానే సూచిస్తుంది.

ఇలా ఎందుకు జరుగుతుందో తెలిస్తే మందు గుర్తుంటుంది. విండోస్ తన కౌంటర్లన్నింటికీ సంఖ్యలిచ్చి, ఏ సంఖ్యకు ఏ పేరో ఒక ఉమ్మడి పట్టికలో ఉంచుతుంది. రిజిస్ట్రీలో ప్రతి సర్వీసుకూ పెర్ఫార్మెన్స్ అనే ఉపశాఖ ఉండి, తన మొదటి కౌంటరు సంఖ్య, చివరి కౌంటరు సంఖ్య అందులో రాసి ఉంటాయి. ఏదైనా సాఫ్ట్‌వేరును అరకొరగా తొలగించినప్పుడో, అప్‌గ్రేడ్ మధ్యలో కరెంటు పోయినప్పుడో ఆ పట్టిక, ఈ సంఖ్యలు ఒకదానితో ఒకటి కలవకుండా పోతాయి. అదే ఉపశాఖలో కౌంటర్లను నిలిపివేసే విలువ ఒకటి ఉంటుంది. కౌంటర్ లైబ్రరీ పదేపదే తప్పులిస్తే విండోసే దాన్ని 1 చేసి పక్కన పెట్టేస్తుంది. సరిచేయడానికి అన్‌లాడ్‌సీటీఆర్ ఆదేశంతో ఆ ఇన్‌స్టెన్స్ కౌంటర్లను తీసివేసి, లాడ్‌సీటీఆర్ ఆదేశంతో ఆ ఇన్‌స్టెన్స్‌కు చెందిన ఐఎన్‌ఐ ఫైలును తిరిగి ఎక్కించి, ఆపైన ఎస్‌క్యూఎల్ సర్వర్ సర్వీసును రీస్టార్ట్ చేయాలి. రీస్టార్ట్ అంటే పని ఆగుతుంది కాబట్టి దాన్ని పగటిపూట బిల్లింగు కౌంటరు ముందు జనం నిలబడి ఉండగా చేయకండి. గణాంకాలు లేకపోయినా డేటాబేస్ నడుస్తూనే ఉంటుంది. రాత్రి దాకా ఆగవచ్చు.

వ్యూలో వరుసలన్నీ ఉన్నాయి, విండోస్ పెర్ఫార్మెన్స్ మానిటర్‌లో మాత్రం కనిపించడం లేదంటే ఇంజిన్‌ను వదిలిపెట్టి విండోస్ వైపు చూడండి. ఆ యంత్రం మీద కనిపించి వేరే యంత్రం నుంచి కనిపించకపోతే రిమోట్ రిజిస్ట్రీ సర్వీసు ఆగి ఉందేమో, ఏజెంటు ఖాతా పెర్ఫార్మెన్స్ మానిటర్ యూజర్స్ గుంపులో ఉందో లేదో, దారిలో ఫైర్‌వాల్ అడ్డుపడుతోందేమో చూడాలి. ఇక ఇన్‌స్టెన్స్ పేరు. డిఫాల్ట్ ఇన్‌స్టెన్స్ కౌంటర్లు 'ఎస్‌క్యూఎల్‌సర్వర్' అన్న ముందుమాటతోనూ, పేరున్న ఇన్‌స్టెన్స్ కౌంటర్లు 'ఎంఎస్‌ఎస్‌క్యూఎల్ డాలర్' అన్న గుర్తు, ఆ వెంట ఇన్‌స్టెన్స్ పేరుతోనూ మొదలవుతాయి. కొత్త అకౌంటు ప్యాకేజీ వేయడానికి వచ్చినవారు తమ సొంత పేరుతో ఒక ఇన్‌స్టెన్స్ పెట్టి వెళ్తారు. పర్యవేక్షణ కోసం మనం ముందే రాసి పెట్టుకున్న టెంప్లేటు పాత పేరునే వెతుకుతూ ఉంటుంది. గడి ఖాళీగా ఉంటుంది, తప్పు సందేశం ఎక్కడా ఉండదు.

ఇదే వ్యూలో, దగ్గరికి వెళ్ళి చూస్తే తప్ప కనిపించని చిక్కు ఒకటి ఉంది. కౌంటరు పేరు ఉండే నిలువు వరుస 128 అక్షరాల నిర్ణీత పొడవు గలది. 'పేజ్ లైఫ్ ఎక్స్‌పెక్టెన్సీ' అన్న పేరు అందులో తన అక్షరాల తర్వాత మిగిలిన చోటంతా ఖాళీలతో నిండి ఉంటుంది. సమానం గుర్తుతో పోల్చితే ఎస్‌క్యూఎల్ సర్వర్ చివరి ఖాళీలను పట్టించుకోదు, వరుస దొరుకుతుంది. లైక్ అనే నమూనా పోలికతో పోల్చితే ఆ ఖాళీలు లెక్కలోకి వస్తాయి, వరుస దొరకదు. పైథాన్‌లో రాసుకున్న స్క్రిప్టులో పోల్చినా అంతే. క్వెరీ తప్పు లేకుండా నడిచి సున్న వరుసలు ఇస్తుంది. పోల్చేముందు కుడివైపు ఖాళీలను కత్తిరించడమే దీనికి పరిష్కారం.

అంకె వచ్చి, అర్థం లేకుండా కనిపించడం కూడా గణాంకం పోవడం కిందికే వస్తుంది. ఆ వ్యూలో ప్రతి వరుసకూ కౌంటరు రకం అనే సంఖ్య ఉంటుంది. 65792 అయితే కనిపిస్తున్నదే విలువ. 272696576 అయితే, పేరులో సెకనుకు అని ఉన్నా సరే, అది సర్వర్ లేచినప్పటి నుంచి పోగైన మొత్తం. రెండుసార్లు చదివి తేడాను మధ్య గడచిన సెకన్లతో భాగించాలి. 537003264 అయితే అది లవం మాత్రమే, దాని హారం 1073939712 రకంతో పక్క వరుసలో ఉంటుంది. బఫర్ క్యాష్ హిట్ నిష్పత్తి (డిస్కు దాకా వెళ్ళకుండా మెమరీలోనే దొరికిన పేజీల శాతం) లవాన్ని అలాగే గ్రాఫులో పెట్టి, అది శాతమని చదివేవారికి ఆ గ్రాఫు ఉన్నా లేనట్టే.

పోస్ట్‌గ్రెస్ అనే మరో డేటాబేస్ ఇంజిన్ దగ్గరికి వద్దాం. ఇక్కడ ఎక్కువ ఖాళీలు అనుమతుల వల్ల, లేదా ఎక్స్‌టెన్షన్ (అదనంగా చేర్చే భాగం) సగమే ఏర్పాటు చేయడం వల్ల వస్తాయి. క్వెరీల వారీ గణాంకాలిచ్చే పీజీ స్టాట్ స్టేట్‌మెంట్స్ పని చేయాలంటే, షేర్డ్ ప్రీలోడ్ లైబ్రరీల జాబితాలో దాని పేరు ఉండాలి, సర్వర్ రీస్టార్ట్ కావాలి, ఆపైన ఏజెంటు కనెక్ట్ అయ్యే డేటాబేస్‌లో ఎక్స్‌టెన్షన్‌ను సృష్టించాలి. ఈ మూడింటిలో చివరిదాన్నే ఎక్కువమంది వదిలేస్తారు. ఏజెంటు ఖాతాకు పీజీ మానిటర్ అనే పాత్ర ఇవ్వండి. అది 10వ వెర్షన్ నుంచి ఉంది. అది లేకపోతే ఇతరుల క్వెరీల స్థానంలో అనుమతి చాలదన్న మాటే కనిపిస్తుంది. టేబుళ్ళ గణాంకాలు డేటాబేస్‌కు దేనికదే. పోస్ట్‌గ్రెస్ అనే డిఫాల్ట్ డేటాబేస్‌కు కనెక్ట్ అయి మీ బిల్లింగు టేబుళ్ళ కోసం వెతికితే దొరకవు. డిస్కు చదవడానికి పట్టిన సమయాలు సున్నలుగా ఉంటే, ట్రాక్ ఐఓ టైమింగ్ అనే అమరిక డిఫాల్ట్‌గా ఆఫ్‌లో ఉంటుందని గుర్తుంచుకోండి. వెర్షన్ మార్చినప్పుడు నిలువు వరుసల పేర్లు కూడా మారతాయి: 13లో మొత్తం సమయం చూపే నిలువు వరుస పేరు మారింది, దానితో పాత ఏజెంట్ల క్వెరీలు విఫలమయ్యాయి. 14వ వెర్షన్ వరకు గణాంకాలు లోపలి యూడీపీ సాకెట్ ద్వారా వేరొక ప్రాసెస్‌కు చేరేవి, ఆ దారిని ఫైర్‌వాల్ మూసేస్తే అవి ఆగిపోయేవి. 2022లో వచ్చిన 15 నుంచి అవి షేర్డ్ మెమరీలోనే ఉంటున్నాయి కాబట్టి ఆ బాధ తీరింది.

మన జిల్లాలకు ప్రత్యేకంగా చెప్పవలసిన మాట ఇక్కడే ఉంది. వానాకాలంలో గాలివాన వచ్చిందంటే కరెంటు ఎప్పుడు పోతుందో మనకు తెలుసు, యూపీఎస్ బ్యాటరీల స్థితి కూడా తెలుసు. పోస్ట్‌గ్రెస్ సరిగ్గా షట్‌డౌన్ కాకుండా ఆగిపోయి మళ్ళీ లేస్తే, డేటాను లాగ్ నుంచి పూర్తిగా తిరిగి తెచ్చుకుంటుంది గాని, పోగుచేసిన గణాంకాలను మాత్రం మొదటికి తెస్తుంది. గ్రాఫులో ఒక్కసారిగా గీత కిందికి పడుతుంది. చేత్తో తీసివేత చేసే స్క్రిప్టులు రుణ సంఖ్యలు చూపిస్తాయి. అంతటితో ఆగదు. ఏ టేబుల్‌లో ఎన్ని చచ్చిన వరుసలున్నాయో ఆటోవాక్యూమ్ (పనికిరాని వరుసలను తనంతట తానే శుభ్రం చేసే భాగం) ఈ గణాంకాలను బట్టే తెలుసుకుంటుంది. అవి పోతే అది కొత్తగా లెక్క మొదలుపెడుతుంది, అంతదాకా శుభ్రం చేయవలసిన టేబుళ్ళు అలాగే ఉండిపోతాయి. తరచుగా కరెంటు పోయే చోట ఇది పదేపదే జరిగితే టేబుళ్ళు ఊరికే ఉబ్బుతాయి. అటువంటి పతనం తర్వాత డేటాబేస్ మొత్తానికి ఒకసారి అనలైజ్ ఆదేశం నడపండి. పర్యవేక్షణలో సర్వర్ లేచిన సమయాన్ని, గణాంకాలు రీసెట్ అయిన సమయాన్ని కూడా ఒక గడిలో చూపించండి. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో వెయిట్ గణాంకాలు (క్వెరీలు దేనికోసం ఎంతసేపు ఆగాయో చెప్పేవి) కూడా రీస్టార్ట్‌తో పోతాయి. నిన్నటి సంగతి కావాలంటే వాటిని ఎప్పటికప్పుడు ఒక టేబుల్‌లోకి తీసి ఉంచుకోవాలి.

మైఎస్‌క్యూఎల్, మారియాడీబీ ఒకటేనని చాలామంది అనుకుంటారు. పనితీరు గణాంకాలుండే పెర్ఫార్మెన్స్ స్కీమా మైఎస్‌క్యూఎల్‌లో 5.6.6 నుంచి డిఫాల్ట్‌గా ఆన్‌లో ఉంటుంది, మారియాడీబీలో ఆఫ్‌లో ఉంటుంది. నడుస్తుండగా దాన్ని ఆన్ చేయలేరు; కాన్ఫిగరేషన్‌లో రాసి రీస్టార్ట్ చేయవలసిందే. ఆన్‌లో ఉన్నా కొన్ని క్వెరీలు కనిపించకపోతే, క్వెరీలను రకాల వారీగా లెక్కించే డైజెస్ట్ టేబుల్‌లో డైజెస్ట్ స్థానంలో నల్ (విలువ లేదు) అని ఉన్న వరుసను చూడండి: టేబుల్ నిండిపోయాక కొత్తగా వచ్చిన క్వెరీలన్నీ ఆ ఒక్క వరుసలోనే కలిసిపోతాయి. ఒరాకిల్ వాడేవారికి ఒక్క హెచ్చరిక చాలు. స్టాటిస్టిక్స్ లెవెల్ అనే అమరిక బేసిక్‌లో ఉంటే ఏడబ్ల్యూఆర్ స్నాప్‌షాట్లు (ఒరాకిల్ ఎప్పటికప్పుడు తీసి ఉంచే గణాంకాలు) వాటంతటవి రావు. ఆ గణాంకాలను వాడడానికి డయాగ్నస్టిక్స్ ప్యాక్ లైసెన్సు ఉండాలి కూడా. లేనివారు స్టాట్స్‌ప్యాక్ వాడుకోవచ్చు.

సర్వర్‌లో అంకె ఉండి, గ్రాఫులో లేని సందర్భాలు ఇప్పుడు. ఈ జిల్లాలోని ఒక ఆసుపత్రిలో ప్రతి రాత్రీ బ్యాకప్ మొదలైన కాసేపటికి డేటాబేస్ గడులన్నీ ఖాళీ అయి, తెల్లవారేసరికి మళ్ళీ నిండేవి. అక్కడ ప్రొమీథియస్ అనే పర్యవేక్షణ సాఫ్ట్‌వేరు వాడుతున్నారు. అది ఒక్కొక్క సర్వర్ నుంచి గణాంకాలు తీసుకోవడానికి డిఫాల్ట్‌గా 10 సెకన్లే వేచి ఉంటుంది. ఎవరో అదనంగా చేర్చిన ఒక క్వెరీ ప్రతి టేబుల్‌లోని వరుసలను పూర్తిగా లెక్కిస్తోంది. పగలు అది ఎలాగో ముగిసేది. బ్యాకప్ డిస్కును ఆక్రమించిన వేళ గడువు దాటేది. గడువు దాటితే ఆ ఒక్క అంకె మాత్రమే పోదు, ఆ దఫా రావలసినవన్నీ పోతాయి. గడువు పెంచుదామని చూశారు గాని, అది సేకరణ వ్యవధిని మించకూడదు. చివరికి ఆ లెక్కింపును తీసేసి, పోస్ట్‌గ్రెస్ తన పీజీ క్లాస్ పట్టికలో ఉంచే అంచనా సంఖ్యను వాడితే రాత్రి గీత నిలిచింది. డిస్కు మీద అత్యధిక భారం పడుతున్న వేళ ఏం జరుగుతోందో అంతవరకూ ఎవరికీ కనిపించలేదు. గ్రాఫులు గీసే గ్రఫానా సాఫ్ట్‌వేరులో ఖాళీలను గీతతో కలిపే ఏర్పాటు ఒకటుంది; దాన్ని ఆన్ చేసి ఉంచితే ఇటువంటి ఖాళీ ఉన్నట్టే తెలియదు. దాన్ని వాడవద్దని నా గట్టి అభిప్రాయం.

గడియారాలను కూడా చూడండి. సర్వర్ స్థానిక సమయంతో రాసినదాన్ని పర్యవేక్షణ సాఫ్ట్‌వేరు యూటీసీ (అంతర్జాతీయ ప్రామాణిక సమయం) అని చదివితే, ప్రతి అంకే 5 గంటల 30 నిమిషాలు ముందుకు జరిగి భవిష్యత్తులో పడుతుంది. గత గంట గ్రాఫు ఖాళీగా ఉంటుంది, డేటా మాత్రం చేరుతూనే ఉంటుంది. గ్రాఫు కాలపరిమితిని రేపటి దాకా పెంచి చూస్తే తెలిసిపోతుంది.

ఇక మనుషుల వల్ల పోయేవి. మన దగ్గర పనిచేసే కుర్రవాళ్ళు అనుభవం రాగానే విశాఖకో హైదరాబాదుకో వెళ్తారు, వెళ్ళాలి కూడా. ఏజెంటు వారి సొంత ఖాతాతో నడుస్తుంటే, ఆ ఖాతాను మూసిన రోజే గణాంకాలు ఆగిపోతాయి. పాస్‌వర్డ్ గడువు తీరినా అంతే. పర్యవేక్షణకు ప్రత్యేకమైన ఖాతా పెట్టండి, దానికి చదివే అనుమతులు మాత్రమే ఇవ్వండి. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో అయితే వ్యూ సర్వర్ స్టేట్, 2022 వెర్షన్‌లో అయితే వ్యూ సర్వర్ పెర్ఫార్మెన్స్ స్టేట్ చాలు. ఏ ఖాతా, ఏ అనుమతులు, ఏ ఇన్‌స్టెన్స్ పేరు అన్నది ఒక కాగితం మీద తెలుగులోనో ఒడియాలోనో రాసి, తర్వాత వచ్చేవారికి దొరికేచోట ఉంచండి.

చివరగా అలర్టుల విషయం. ఇది నాకు అన్నిటికంటే ముఖ్యం. కనెక్షన్లు 90 శాతం దాటితే కబురు పంపు అని మీరు నియమం రాస్తారు. అంకెలు రావడమే మానేస్తే, ఆ నియమానికి పోల్చడానికి ఏమీ ఉండదు, కాబట్టి అది ఎప్పటికీ మోగదు. సర్వర్ పూర్తిగా పడిపోయినా ఫోను నిశ్శబ్దంగా ఉంటుంది. అందువల్ల ప్రతి ముఖ్యమైన గణాంకానికీ, అది రాకపోతే మోగే అలర్టు వేరుగా ఉండాలి. ప్రొమీథియస్‌లో అప్ అనే కొలత సున్న అయినప్పుడు ఒకటి, యాబ్సెంట్ ఫంక్షన్‌తో ఇంకొకటి పెట్టుకోండి. రెండూ ఎందుకంటే, ఎక్స్‌పోర్టర్ (డేటాబేస్ అంకెలను ప్రొమీథియస్‌కు అందించే ఏజెంటు) బతికే ఉండి డేటాబేస్‌తో సంబంధం తెగినప్పుడు అప్ 1గానే ఉండవచ్చు. ఇవి రాసి ఊరుకోకండి. ఈ వారంలోనే ఒక రోజు, పని తక్కువగా ఉన్న వేళ, ముందు మీ కార్యాలయంలో చెప్పి ఏజెంటు సర్వీసును ఆపండి, ఫోనుకు కబురు ఎంతసేపట్లో వస్తుందో చూడండి. తర్వాత ఏజెంటును నడవనిచ్చి, దాని డేటాబేస్ ఖాతాను మాత్రం కాసేపు నిలిపివేసి చూడండి. రెండో పరీక్షలో కబురు రాని సర్వర్లు మీలో కొందరి దగ్గర ఉంటాయి. వాటి నియమాలను ఈ మధ్యాహ్నం కలిసి కూర్చుని సరిచేద్దాం. ల్యాప్‌టాప్‌లు తెచ్చినవారు ముందు వరుసలోకి రండి.